అయోవా కౌంటీ ఫెయిర్: పిల్లల దగ్గరికి వెళ్లే విశాఖ అమ్మానాన్నల కోసం ఒక రివ్యూ

మీ అమ్మాయో అబ్బాయో అమెరికాలో అయోవా, ఇలినాయి, మిన్నెసోటా వైపు ఉంటే, వేసవిలో వెళ్లే ఆలోచన మీకుంటే, జూలై నెల కలిసొచ్చేలా చూసుకోండి. నయాగరా ఎప్పుడైనా చూడొచ్చు. అక్కడి చిన్న ఊళ్లలో జరిగే కౌంటీ ఫెయిర్ మాత్రం ఆ ఒక్క వారమే ఉంటుంది, దాటిపోతే మళ్లీ ఏడాది ఆగాలి. నేను చోడవరం, మాడుగుల, నర్సీపట్నం వైపు పశువైద్యుడిగా పనిచేసి రిటైరయ్యాను, ఇప్పుడు మధురవాడలో ఉంటున్నాను. అమెరికాలో ఏది బాగా నచ్చిందని మా అపార్ట్‌మెంట్‌లో ఎవరు అడిగినా ఇదే చెబుతున్నాను. "ఊరి తీర్థం చూడ్డానికి అంత దూరం వెళ్లాలా డాక్టరుగారూ?" అంటారు. వెళ్లాలి. ఎందుకో రాస్తాను. బాగోలేనివీ రాస్తాను.

ముందు అసలు ఇదేమిటో చెప్పాలి. కౌంటీ అంటే మన మండలానికీ జిల్లాకీ మధ్యస్తంగా ఉండే విభాగం అనుకోండి. అయోవాలో అలాంటివి 99. దాదాపు ప్రతి కౌంటీకీ సొంత మైదానం, సొంత కమిటీ ఉంటాయి. ఏడాదికోసారి వారంపాటు పిల్లలు పెంచిన పశువుల ప్రదర్శన, వంటల పోటీలు, కుట్లు అల్లికలు, ఊరేగింపు, వేలంపాట, రాత్రి వినోదాలు జరుగుతాయి. ఆగస్టులో రాజధాని డిమోయిన్‌లో రాష్ట్రమంతటికీ కలిపి పెద్ద ఫెయిర్ పెడతారు. వెన్నతో చేసిన నిలువెత్తు ఆవు బొమ్మ అక్కడ 1911 నుంచి ఉంది, టూరిస్టులు దానికే వెళ్తారు. నేను మాట్లాడేది ఆ పెద్ద ఫెయిర్ గురించి కాదు, దానికి ముందు ఊళ్లలో జరిగే చిన్నవాటి గురించి.

మేమున్న ఊరి పేరు రాయను. చిన్న ఊరు, మాకు గది ఇచ్చినవాళ్లెవరో ఇట్టే తెలిసిపోతుంది. మా అల్లుడితో పనిచేసే కుర్రాడి సొంతూరది. "మావయ్యగారూ, వాళ్లింట్లో పైగది ఖాళీగా ఉందట. మీకు పశువులంటే ప్రాణం కదా, అత్తయ్యగారూ మీరూ వారం ఉండి రండి" అన్నాడు. ఒకటే పెద్ద వీధి, ఒక బ్యాంకు, లైబ్రరీ, రెండు మూడు చర్చిలు, ధాన్యం నిల్వచేసే ఎత్తయిన గోదాములు. అక్కడి నుంచి ఎటు చూసినా మొక్కజొన్న, సోయాబీన్. జూలై నాలుగుకి మొక్కజొన్న మోకాలెత్తుకి వస్తే పంట బాగున్నట్టని వాళ్ల పాత సామెత. ఇప్పటి హైబ్రిడ్లు జూలై మధ్యకే మనిషిని దాటిపోతున్నాయి. మన బీచ్ రోడ్డులో కాల్చి అమ్మే పొత్తుల్లాంటివే అనుకుని మా ఆవిడ ఒకటి కోయబోతే ఇంటి పెద్దాయన వారించి, ఇది పశువుల దాణాకీ ఇథనాల్ ఫ్యాక్టరీలకీ వెళ్లే రకమని, మనుషులు తినే తీపి రకం పెరట్లో వేరే వరసలో ఉందని చూపించాడు. ఆ రాత్రి ఉడికించిన పొత్తులకి వెన్న రాసుకుని తిన్నాం. ఆ వారమంతా శాకాహారులకి దొరికిన మంచి తిండి అదే.

ఇక ఫెయిర్‌లో మొదట చూడాల్సింది బకెట్ దూడల పోటీ. పెద్ద పశువుల పోటీ కన్నా నాకు ఇదే గొప్పగా అనిపించింది. తల్లి లేని దూడనో, డైరీలో వేరుచేసిన దూడనో తెచ్చి, సీసాతోనో బకెట్‌తోనో పాలు పట్టి చిన్నపిల్లలు పెంచుతారు. పోటీ రోజున దాన్ని కడిగి, దువ్వి, తాడు పట్టుకుని రంపపుపొట్టు పరిచిన బరిలోకి తీసుకొస్తారు. ఎనిమిదేళ్లుంటాయేమో, ఒక పాప వంతు వచ్చింది. నల్లటి హోల్‌స్టీన్ దూడ, నుదుట తెల్ల మచ్చ. అది ముందు కదల్లేదు. పాప తాడు లాగలేదు, గంగడోలు కింద చెయ్యి పెట్టి నెమ్మదిగా నిమిరింది. అది నాలుగడుగులు వేసింది. న్యాయనిర్ణేత ఆ పొట్టులోనే మోకాళ్ల మీద కూర్చుని, మైకు పాప నోటి దగ్గర పెట్టి అడగడం మొదలుపెట్టాడు. దీని పేరేమిటి? పూటకి ఎన్ని పాలు? పాలు ఎప్పుడు మాన్పించావు? ఏ టీకాలు వేయించావు? ఎప్పుడైనా జబ్బు చేసిందా? "రెండో వారంలో పారుడు పట్టుకుంది. ఉప్పు, గ్లూకోజు కలిసిన మందునీళ్లు పట్టాం. పాలు మానలేదు, పాలకీ నీళ్లకీ మధ్య ఎడం ఇచ్చాం" అంది పాప. నా ఉద్యోగమంతా నేను రైతులకి చెప్పిన మాట అదే. పారుడుతో చనిపోయే దూడల్లో ఎక్కువ భాగం ఒంట్లో నీరు పోయి చనిపోతాయి, పాలు ఆపేస్తే ఇంకా నీరసిస్తాయి. అది ఆ వయసు పిల్ల మైకులో, అంతమంది ముందు, తడుముకోకుండా చెబుతుంటే కళ్లు చెమ్మగిల్లాయి.

ఈ పోటీలో దూడ జాతి, ధర, బరువు లెక్కలోకి రావు. పిల్లకి దాని గురించి ఎంత తెలుసు, ఎంత శ్రద్ధగా పెంచింది, అంతే. కాబట్టి పేదింటి పిల్లకీ పెద్ద ఫారం ఉన్న ఇంటి పిల్లకీ ఒకటే అవకాశం.

పెద్ద పిల్లల పోటీలో ఇంకో పద్ధతి ఉంది, అది మనం తెచ్చుకోవలసింది. హియర్‌ఫోర్డ్, యాంగస్ అనే మాంసపు జాతుల కోడెల్ని వరసలో నిలబెడతారు. పిల్లలు చేతిలో సన్నని కర్రతో గిట్టల్ని సర్ది, వెన్ను సమంగా కనిపించేలా నిలుపుతారు. న్యాయనిర్ణేత చుట్టూ తిరిగి చూసి, నడిపించి చూసి, మొదటి స్థానం నుంచి చివరి స్థానం దాకా నిర్ణయించాక మైకు తీసుకుని కారణాలు చెబుతాడు. ఇది మొదటిది ఎందుకైంది, రెండోదానికన్నా దీని తొడ కండ ఎక్కడ నిండుగా ఉంది, రెండోది నడకలో దీనికన్నా ఎలా మెరుగు, మూడోదానికి వెనక కాళ్ల కీలు ఎలా నిటారుగా ఉంది అని. ఒక్కో జత గురించీ వివరంగా. చివర నిలబడ్డ కుర్రాడికి కూడా వచ్చే ఏడాది ఏం మార్చుకోవాలో తెలుస్తుంది. చుట్టూ బెంచీల మీద కూర్చున్న తాతలు, పక్క ఊరి రైతులు అంతా ఆ మాటలకి తలలూపుతూనో, కాదని గొణుక్కుంటూనో ఉంటారు. నిర్ణయం ఒక్కరిదే అయినా దాన్ని తూచేది ఊరంతా.

మన దగ్గరా లేగదూడల ప్రదర్శనలు జరుగుతాయి. దూడల్ని కడిగి, పసుపు కుంకుమ పెట్టి, మెడలో గంట కట్టి తెస్తారు. చూడముచ్చటగా ఉంటుంది. అక్కడికక్కడే నట్టల మందు తాగిస్తాం, టీకాలు వేస్తాం, చూడి కట్టని ఆవుల్ని పరీక్షిస్తాం. రైతు ఇంటికి వెళ్లేసరికి పశువుకి నిజమైన మేలు జరిగి ఉంటుంది. ఈ విషయంలో మన పద్ధతే మేలు, అక్కడ ఫెయిర్‌లో ఈ సేవలేమీ ఉండవు. కానీ మన ప్రదర్శనల్లో బహుమతి దూడ ఏదో ప్రకటిస్తారు, ఖనిజ లవణ మిశ్రమం ప్యాకెట్టో దాణా బస్తానో చేతికిస్తారు, ఫొటో తీస్తారు. ఎందుకు గెలిచిందో ఎవరూ చెప్పరు. ఓడిన రైతు "వాళ్లకి తెలిసినవాళ్లకి ఇచ్చుకున్నారు" అనుకుంటూ వెళ్లిపోతాడు. ఆ ఒక్క మైకు, రెండు నిమిషాల వివరణ ఉంటే ఆ మాట పుట్టదు. దూడని తెచ్చేది మన దగ్గర తండ్రి. పిల్లాడు బడిలో ఉంటాడు. కనుమ నాడు బడికి సెలవే కాబట్టి, ఈసారి చోడవరం దగ్గర మా ఊళ్లో పిల్లలే దూడల్ని తెచ్చి జవాబులు చెప్పేలా చిన్న పోటీ పెడదామని మా తమ్ముడితో, యువజన సంఘం కుర్రాళ్లతో మాట్లాడాను. బహుమతుల ఖర్చు నాది.

ఈ పోటీలకి పిల్లల్ని తయారుచేసే సంఘాన్ని ఫోర్-హెచ్ అంటారు. ఆకుపచ్చ నాలుగాకుల గుర్తు మైదానంలో ఎక్కడ చూసినా కనిపిస్తుంది. తల, మనసు, చేతులు, ఆరోగ్యం, వాళ్ల భాషలో ఈ నాలుగూ ఒకే అక్షరంతో మొదలవుతాయి. 1902లో ఒహాయో రాష్ట్రంలో గ్రాహం అనే బడుల అధికారి పల్లెటూరి పిల్లలకోసం పెట్టిన క్లబ్బు నుంచి ఇది పెరిగింది. 1914లో స్మిత్-లీవర్ చట్టం వచ్చి వ్యవసాయ విశ్వవిద్యాలయాలకీ రైతులకీ మధ్య విస్తరణ వ్యవస్థని ఏర్పాటు చేశాక ఈ క్లబ్బులు దాని కిందికి వచ్చాయి. అయోవాలో నాలుగో తరగతి నుంచి పన్నెండు దాకా పిల్లలు ఇందులో చేరొచ్చు. ఇది మనకి అంత పరాయిదేం కాదు. 1964లో హైదరాబాద్‌లో మన వ్యవసాయ విశ్వవిద్యాలయం మొదలైనప్పుడు దానికి తోడ్పడినవాళ్లలో ఆ పక్క ప్రాంతంలోనే ఉన్న కాన్సస్ స్టేట్ యూనివర్సిటీ ఉంది. బోధన, పరిశోధన, విస్తరణ ఒకే గొడుగు కింద ఉండాలన్న పద్ధతి అక్కణ్ణించి వచ్చిందే. పరిశోధన వచ్చింది, విస్తరణ వచ్చింది, పిల్లల క్లబ్బు మాత్రం మన పల్లెలదాకా రాలేదు.

పశువుల్లేని పిల్లలకీ ఇక్కడ చోటుంది. పక్క హాలులో ఊరగాయ సీసాలు, బొంతలు, చెక్కపని, ఫొటోలు, కుకీలు పెట్టి ఉంటాయి. పిల్లవాడు న్యాయనిర్ణేత ఎదురుగా కుర్చీలో కూర్చుని, ఈ స్టూలు ఎందుకు చేశాడు, ఎక్కడ చెయ్యి తిరగలేదు, మళ్లీ చేస్తే ఏం మారుస్తాడు అన్నది చెప్పాలి. రిబ్బన్లు నీలం, ఎరుపు, తెలుపు. పక్కవాడితో పోల్చి కాదు, ఒక ప్రమాణం పెట్టుకుని దాన్ని అందుకున్న ప్రతి ఒక్కరికీ నీలం రిబ్బనే ఇస్తారు. వాటిలో మేటివాటికి ఊదారంగుది. మా ఆవిడ పశువుల దగ్గరకన్నా ఈ హాలులోనే ఎక్కువసేపు గడిపింది. ఒక పెద్దావిడ చేతికుట్టు బొంతని తిరగేసి వెనకవైపు కుట్లు చూపిస్తే, మా ఆవిడ ఫోనులో వాళ్లమ్మ కుట్టిన పాతచీరల బొంత ఫొటో చూపించింది. ఇద్దరికీ మాటలు పెద్దగా కుదర్లేదు, అయినా గంట కూర్చున్నారు.

వారం చివర్లో వేలంపాట. ఇక్కడ మీకు ఒక మాట ముందే చెప్పాలి. ఈ పిల్లలు పెంచిన కోడెలు, పందులు, గొర్రెలు చాలావరకు మాంసానికే వెళ్తాయి. బకెట్ దూడని చూసి మురిసిపోయిన మనకి ఇది గుచ్చుకుంటుంది. మా ఆవిడ వేలం రోజున ఇంట్లోనే ఉండిపోయింది, నేను వెళ్లాను. ఆరువందల కిలోల దాకా తూగే కోడెని పదిహేనేళ్ల కుర్రాడు బరిలో నడిపిస్తుంటే, వేలం వేసేవాడు ఊపిరి తీసుకోకుండా అంకెలు చదువుతుంటాడు. పాడేవాళ్లు ఊరి బ్యాంకు, విత్తనాల డీలరు, ధాన్యం సహకార సంఘం, పశువైద్యుడు. మార్కెట్ ధర కన్నా ఎక్కువ పెట్టి కొంటారు, ఆ పైమొత్తం కుర్రాడి కాలేజీ చదువుకని. కొన్న ప్రతివాళ్ల దగ్గరికీ వెళ్లి పిల్లలు చెయ్యి కలిపి థాంక్స్ చెబుతారు, తర్వాత ఉత్తరం కూడా రాస్తారట. కోడెని లారీ దగ్గర వదిలి వచ్చాక ఆ కుర్రాడు దాని తాడుని చేతికి చుట్టుకుంటూ పాక వెనక ఏడుస్తున్నాడు. వాళ్ల నాన్న పక్కనే నిలబడ్డాడు, ఏమీ అనలేదు. వాళ్లకి బాధ లేదనుకుంటే పొరపాటు. చలికాలంలో బరువు తూచి చెవిపోగు వేయించిన రోజు నుంచి మేత ఖర్చు లెక్క రాస్తారు. ఇది వాళ్లకి బతుకుతెరువు, పిల్లలకి అది దాచకుండా నేర్పుతారు. మీ మనసు ఒప్పుకోకపోతే వేలం రోజు మానేయండి, మిగతా వారం హాయిగా చూడొచ్చు.

ఊరేగింపులో పాత ఎర్ర ఫార్మాల్ ట్రాక్టర్లు, ఆకుపచ్చ జాన్ డీర్లు వస్తాయి, పిల్లల మీదికి మిఠాయిలు విసురుతారు. శనివారం పొద్దున అగ్నిమాపక దళం వాళ్లు పాన్‌కేకులు వేస్తారు. ఆ దళంలో జీతం తీసుకునేవాళ్లు ఎవరూ లేరు, ఊరివాళ్లే. రేటు లేదు, డబ్బాలో తోచినంత వేయాలి. రాత్రి పాత కార్లని ఒకదానికొకటి గుద్దించే ఆట ఉంటుంది. చెవులు చిల్లులు పడతాయి, దానికి వెళ్లక్కర్లేదు.

తిండి గురించి శాకాహారులు జాగ్రత్తగా ఉండాలి. అయోవాలో జనాభా సుమారు 32 లక్షలు, పందులు 2 కోట్ల పైనే. కాబట్టి ప్రతి కొట్లోనూ పందిమాంసమే. ఉడికించిన బీన్స్ శాకాహారమే అనుకుంటాం, అందులో బేకన్ ముక్కలు ఉంటాయి. ఆపిల్ పై అనే తీపి వంటకం పైపొరలో ఒక్కోసారి పందికొవ్వు వాడతారు. పాన్‌కేకులు వేసే పెనం మీదే సాసేజ్ కాలుస్తారు. అడిగితే విసుక్కోకుండా ఉన్నదున్నట్టు చెబుతారు, మొహమాటపడకండి. మా అమ్మాయి కట్టిచ్చిన పులిహోర, ఆవకాయ, చపాతీలు మమ్మల్ని కాచాయి. పులిహోర ఇంటి పెద్దాయనకి బాగా నచ్చింది, ఆవకాయ జోలికి మళ్లీ వెళ్లలేదు.

ఇబ్బందులు లేకపోలేదు. కారు లేకపోతే అడుగు కదపలేరు, బస్సన్నది లేదు. ఎండ మన మే నెలంత ఉండదు కానీ ఉక్కపోత మాత్రం విశాఖవాళ్లకి బాగా తెలిసినదే, మొక్కజొన్న చేలు వదిలే తేమ దానికి తోడవుతుంది. బెంచీల దగ్గర నీడ తక్కువ, మోకాళ్ల నొప్పులున్నవాళ్లు మడతకుర్చీ తీసుకెళ్లాలి. నన్ను బాగా బాధపెట్టింది వేరు. ఒకరోజు ఉరుములు, సైరన్. గొర్రెల పోటీ మర్నాటికి మార్చారు. ఆ సంగతి స్థానికులకి ఫోన్లలో తెలిసిపోయింది. బయట నుంచి వచ్చినవాళ్లకి గేటు దగ్గర ఒక కాగితమైనా అంటించలేదు. మాలాంటి ముసలివాళ్లు ఖాళీ బరి ముందు చాలాసేపు కూర్చున్నారు. ఊరంతా ఒకరికొకరు తెలిసినచోట కొత్తవాళ్లు కూడా వస్తారన్న ఆలోచన రాకపోవడం సహజమేనేమో, కానీ సరిచేసుకోవలసిన లోపమే.

మనుషుల విషయానికొస్తే పూర్తి మార్కులు. పశువైద్యుణ్ణని తెలియగానే ఆ ఊరి వెటర్నరీ డాక్టరు నన్ను పాకలన్నీ తిప్పాడు. ఫోనులో ఒంగోలు ఎద్దు ఫొటో చూపించి, మీ టెక్సస్ వైపు పెంచే బ్రాహ్మన్ పశువుల్లో దీని రక్తం ఉందని, బ్రెజిల్‌లో నెల్లోర్ పేరుతో పెంచేదీ ఇదేనని చెప్పాను. ఆయన పదిమందిని పిలిచి ఆ ఫొటో చూపించాడు. అందరూ మూపురం మీదే చర్చ.

డిమోయిన్ మీదుగా వెళ్తుంటే ఒక పూట ఆగి, నది ఒడ్డున పాత లైబ్రరీ భవనంలో ఉన్న ప్రపంచ ఆహార బహుమతి మందిరం చూడండి. అయోవాలోనే క్రెస్కో దగ్గర 1914లో పుట్టిన గోధుమ వంగడాల శాస్త్రవేత్త నార్మన్ బోర్లాగ్ ఈ బహుమతిని పెట్టించాడు. ఆయనకి 1970లో నోబెల్ శాంతి బహుమతి వచ్చింది. 1987లో ఈ ఆహార బహుమతి మొట్టమొదట అందుకున్నది మన ఎం.ఎస్. స్వామినాథన్. పల్లెటూళ్ల ఫెయిర్ చూసి వచ్చాక ఆ మందిరంలోకి వెళ్తే చూసినదంతా ఇంకా బాగా అర్థమవుతుంది.

చివరగా ఒక డాక్టరు మాట, దీన్ని తేలిగ్గా తీసుకోకండి. అమెరికాలో గాలికుంటు వ్యాధి 1929 తర్వాత రాలేదు, మన దగ్గర ఇంకా ఉంది. ఊళ్లో పశువుల పాకలో తిరిగి విమానం ఎక్కేవాళ్లు ఆ చెప్పులు, బూట్లు తీసుకెళ్లకండి. పశువుల్ని ముట్టుకున్నారా అని విమానాశ్రయంలో అడిగితే ఉన్నదున్నట్టు చెప్పండి. దాచి దొరికితే జరిమానా, చెబితే మహా అయితే బూట్లు శుభ్రం చేయిస్తారు. నేను కొత్త జత అక్కడే కొన్నాను. ఫెయిర్‌లో పాకల లోపల ఏమీ తినకూడదని, తాగకూడదని బోర్డులుంటాయి. పందుల నుంచి మనుషులకి ఫ్లూ సోకిన సందర్భాలు ఫెయిర్లలో ఉన్నాయి కాబట్టి అవి పెట్టారు. బయటికి రాగానే చేతులు కడుక్కునే తొట్లు ఉంటాయి, ప్రతిసారీ వాడండి. ఉబ్బసం, షుగర్ ఉన్నవాళ్లు పందుల పాకలోకి వెళ్లకపోతేనే మంచిది. తిరుగు ప్రయాణంలోనూ ఇదే నియమం. ఆ బూట్లు బ్లీచింగ్ నీళ్లతో కడిగి ఎండబెట్టాకే నేను మా తమ్ముడి పాకలో అడుగుపెట్టాను.